కోరమాండల్ ఎబొనీ యనగా నేమి చెట్టు?



కొంతకాలము క్రిందట నేను తొమ్మిదవ తరగతిలో ఆంగ్లపాఠము చెప్పుచుండగా, పెగడపల్లినుండి వచ్చు ఒక బాలుడు లేచి నిలిచి, గ్రంథాలయపు పుస్తకములో తాను చూచిన యొక చెట్టుపేరునకు అర్థమేమని యడిగెను. ఆ పేరు "కోరమాండల్ ఎబొనీ". గంట కొట్టులోపల పాఠము ముగించవలెనను తొందరలో నేను, "అది పరదేశపు వృక్షము. దాని చేవ నల్లగా నుండును. మన ప్రాంతమున నది లేదు" అని చెప్పి ముందునకు సాగితిని. బాలుడు ఆ మూడు వాక్యములను తన పుస్తకమున శ్రద్ధగా వ్రాసికొనెను.

ఆ రాత్రి నాకు సందేహము పుట్టి నిఘంటువును తెరచితిని. ఆ యాంగ్లనామమున కెదురుగా "డయోస్పైరాస్ మెలనాక్సిలాన్" అను శాస్త్రనామ ముండెను. దానిని వృక్షశాస్త్ర గ్రంథమున వెదకగా తెలుగుపేరు తునికి యని కనబడెను. నా ముఖము చిన్నబోయినది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములయందు తునికి యను మాట వినని యిల్లు గలదా? మండువేసవిలో తునికిపండ్లు తినని పిల్లవాడు గలడా? నన్ను ప్రశ్నించిన బాలుని తల్లి ప్రతిదినము ప్రొద్దుననుండి సాయంకాలమువరకు ఒడిలో చాట పెట్టుకొని బీడీలు చుట్టునది ఆ చెట్టు ఆకుతోనే. తల్లి చేతిలోని ఆకును కుమారునికి నేను పరదేశపుది యని చెప్పితిని! మరునాడు తరగతిలో నా తప్పును ఒప్పుకొంటిని. అయినను ఆ పేరు ఎట్లు పుట్టినదో, మన చెట్టున కెట్లు తగులుకొన్నదో పూర్తిగా చెప్పుటకు ఒక గంట చాలలేదు. కావున ఈ వ్యాసము.

ముందుగా "కోరమాండల్" అను భాగమును చూతము. ఇది మన దేశపు తూర్పుసముద్రతీరమునకు ఐరోపావారు పెట్టిన పేరు. దీనికి మూలము "చోళమండలము" అని పెక్కుమంది పండితుల మతము. పదునారవ శతాబ్దమున పోర్చుగీసువారు దీనిని తమ లిపిలో వ్రాసికొనగా, వారు చకారమునకు వాడిన యక్షరములను ఇతర దేశములవారు కకారముగా చదివిరనియు, అట్లు చోళమండలము కోరమాండలై పోయెననియు చెప్పుదురు. చోళుల నాడు కావేరీప్రాంతమునకు చెల్లిన పేరు, వర్తకుల నోట ఉత్తరముగా ప్రాకి కృష్ణాముఖమువరకును, కొందరి వాడుకలో నింకను పైకిని వచ్చినది. 1611వ సంవత్సరమున ఆంగ్లేయులు మచిలీపట్టణమున వర్తకము మొదలుపెట్టునప్పటికి ఆ తీరమంతయు వారికి కోరమాండలే.

ఇచట నొక హెచ్చరిక. పేరులో కోరమాండల్ అని యున్నంత మాత్రమున ఆ వస్తువు ఆ తీరమున పుట్టినదని నమ్మరాదు. ఐరోపా ధనికుల గృహములలో "కోరమాండల్ తెరలు" అను లక్కపని చేసిన మడతతెర లుండెడివి. అవి చీనాదేశమున తయారైనవి. కంపెనీల యోడలు వానిని మన తీరపు రేవులమీదుగా కొనిపోయినందున ఆ పేరు వచ్చినది. న్యూజీలాండు దేశమున కోరమాండల్ అను ద్వీపకల్పము గలదు. 1820లో ఓడకొయ్యలకై యచటికి వచ్చిన ఇంగ్లీషు ఓడపేరు కోరమాండల్ అగుటయే దానికి కారణము. ఇంక "కోరమాండల్ కలప" అని ఇంగ్లండులోని వడ్రంగులు మెచ్చుకొన్న చారలచారల కలప మన తునికిది కాదు, సింహళద్వీపపు మరియొక చెట్టుది. దానికి ఆంగ్లమున "కాలమాండర్" అను పేరును గలదు. కోరమాండలే చెడి కాలమాండర్ అయినదని కొందరును, సింహళభాషలో నలుపును తెలుపు "కలు" అను మాటతో మొదలగు "కలుమదిరియ" యను చెట్టుపేరే దానికి మూలమని కొందరును వాదింతురు. నాకు రెండవ పక్షమే సమంజసముగా తోచుచున్నది. ఏలయనగా, చెట్టు పెరిగిన చోట దానికొక పేరుండగా, ఆ పేరును విడిచి వేరొక తీరపు పేరును వెదకికొని పోవలసిన పని యేమి? కాని విన్నవారి చెవికి కోరమాండల్ పరిచితమైన మాట గనుక, తెలియని మాటను దానిలోనికి దింపి పలికి యుందురు.

రెండవ భాగమైన "ఎబొనీ" కథ యింతకన్న దీర్ఘమైనది. అది ఇంగ్లీషువారి మాట కాదు. ఐరోపా మాటయే కాదు. నైలునదీతీరమున, ఇప్పటికి మూడు నాలుగు వేల యేండ్లకు పూర్వము, ఐగుప్తువారు దక్షిణమునుండి తెప్పించుకొనుచుండిన యొక నల్లని కలపను "హ్బ్ని" అను మూడు నాలుగు హల్లులతో వ్రాసిరి. వారి లిపిలో అచ్చులు వ్రాయు నాచారము లేనందున నడుమ నే యచ్చు పలికిరో తెలియదు. గ్రీకులు ఆ మాటను తీసికొని "ఎబెనోస్" అనిరి. లాటినువారికి అది "ఎబెనుస్" ఆయెను. అటనుండి తిరిగి తిరిగి ఇంగ్లీషున "ఎబొనీ" అయినది. హెబ్రీభాషలో "హోబ్నీము" అని యుండును. యెహెజ్కేలు గ్రంథము 27వ అధ్యాయమున తూరు పట్టణపు వర్తకులు కొన్న సరకుల పట్టికలో, ఏనుగుదంతముల సరసను ఈ మాట చూడగలరు.

ఇందులో నొక వింత గలదు. 1922లో వెలికివచ్చిన టూటన్ ఖామన్ రాజు సమాధిలోని నల్లకలప సామానులు లోకమంతట ప్రసిద్ధములు. ఐగుప్తువారి ఆ నల్లకలప చెట్టు నేడు మనము ఎబొనీ కుటుంబమని చెప్పుకొను వృక్షములలోనిది కాదు. అది ఆఫ్రికాలో పెరుగు "డల్బెర్జియా" జాతిది, అనగా మన జిట్రేగి చెట్టునకు చుట్టము. చిక్కుడు, కంది మొదలగువాని కుటుంబములోనిది. కావున ఎబొనీ యను పేరును మొట్టమొదట మోసిన చెట్టు ఒకటి, నేడు అనుభవించుచున్న చెట్లు వేరు! నలుపొక్కటియే వారసత్వము.

మన దేశపు నల్లకలపయు పాశ్చాత్యులకు క్రొత్త కాదు. క్రీస్తునకు పూర్వము నాలుగవ శతాబ్దమున అలెగ్జాండరు దండయాత్ర తరువాత గ్రంథములు వ్రాసిన థియోఫ్రాస్టసు అను గ్రీకు పండితుడు, హిందూదేశమున ఎబొనీ రెండు విధములుగా నున్నదనియు, మంచి కలపగలది అరుదనియు, రెండవది పొదవలె పెరిగి విరివిగా దొరకుననియు చెప్పెను. ఆ మాట చదివినప్పుడు నాకు మన గుట్టలమీది మోకాలెత్తు తునికిపొదలే కన్నులకు గట్టినవి. ఆయన విన్నది వీనినిగూర్చియేనని నేను నిర్ధారణ చేయజాలను గాని, వర్ణన మాత్రము చక్కగా నమరుచున్నది. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున నొక గ్రీకు నావికుడు వ్రాసిన సముద్రయాన గ్రంథమునుబట్టి, నేటి గుజరాతులోని భరూచి రేవునుండి పారసీకపు అఖాతమునకు ఎబొనీ దుంగలు ఎగుమతి యగుచుండెను.

ఇంక నొక మార్గమున ఈ మాట మన జిల్లాకే వచ్చిచేరినదని చెప్పిన మీరు నమ్ముదురా? గ్రీకుల ఎబెనోస్ పారసీక, అరబీ భాషలలో "ఆబ్నూస్" అయినది. పారసీకమునుండి ఉర్దూలో ప్రవేశించినది. హైదరాబాదు రాజ్యమున 1948వరకు కచేరీల భాష ఉర్దూ యని మీ తాతలు చెప్పగా వినియుందురు. తరువాతి కాలమున ఆంధ్రప్రదేశ్ అటవీశాఖవారు తునికాకును "ఆబ్నూసు ఆకు" అనియే తమ కాగితములలో వ్రాసిరి. 1970 ప్రాంతమున ప్రభుత్వము ఈ ఆకు వర్తకమును తన యధీనము చేసికొన్నప్పటి నిబంధనలలోను ఆ పేరే కలదు. అనగా ఐగుప్తు రాజుల నాటి మాట యొకటి గ్రీసు, పారసీకములు దాటి, మన యూళ్ల కల్లములలో ఎండుచున్న ఆకుకట్టల లెక్కలోనికి వచ్చి కూర్చున్నది. అదే మాట ఇంగ్లండు చుట్టివచ్చి పాఠశాల గ్రంథాలయమున ఎబొనీగా కనబడగా నేను గుర్తింపలేకపోతిని!

ఈ రెండు భాగములు మన తునికికి చేరుటకు ముఖ్యకారకుడు విలియం రాక్స్‌బర్గు అను స్కాట్లండు దేశస్థుడు. ఆయన ఈస్టిండియా కంపెనీవారి వైద్యుడు. 1781 మొదలు తూర్పుగోదావరి సీమలోని సామర్లకోటలో నుండి, అచట తోట వేసి, చెట్లను పరిశీలించి, మన దేశపు చిత్రకారులచేత వాని బొమ్మలు వ్రాయించెను. 1793లో కలకత్తా తోటకు అధిపతియై వెళ్లెను. కోరమాండల్ తీరపు మొక్కలనుగూర్చి ఆయన రచించిన గొప్ప గ్రంథము మూడు సంపుటములుగా 300 చిత్రపటములతో లండనులో వెలువడినది. 1795 నాటి మొదటి సంపుటమున 46వ పటము మన తునికిది. డయోస్పైరాస్ మెలనాక్సిలాన్ అను శాస్త్రనామము ఆ చెట్టునకు పెట్టినవాడు ఆయనయే. మన ధర్మపురిని ఒరసికొని పోవు గోదావరి సముద్రమున కలియు సీమయందే సామర్లకోట యున్నది. నదికి ఎగువనున్న మన యడవులు ఆయన గ్రంథమున లేవు. ఆయన తీరమున చూచెను గనుక అది తీరపు చెట్టైనది. సముద్రపుగాలి యెరుగని మన గుట్టల తునికికిని అదే పేరు పడినది.

రాక్స్‌బర్గు అనేక వృక్షములకు స్థానికుల నడిగి తెలిసికొన్న తెలుగుపేర్లను గూడ గ్రంథమున చేర్చెను. కొన్ని తెలుగుపేర్లు శాస్త్రనామములే యయినవి. జ్వరమునకు మందుగా వాడిన చేదుబెరడుగల సోమిద చెట్టు నేటికిని లోకమంతట "సోయ్‌మిడా" అను జాతిపేరుతో పిలువబడుచున్నది. సండ్ర చెట్టు "సుంద్ర" యను రూపమున శాస్త్రగ్రంథముల కెక్కినది. తునికికి ఆ భాగ్యము పట్టలేదు. దాని శాస్త్రనామము రెండుమాటలును గ్రీకే.

ఆ రెండుమాటలకు అర్థము చెప్పెదను. "మెలనాక్సిలాన్" అనుట సులభము. మెలన్ అనగా నలుపు, క్సిలోన్ అనగా కొయ్య. నల్లకొయ్య. "డయోస్పైరాస్" అను జాతిపేరును 1753లో లిన్నేయసు అను స్వీడను పండితుడు తన గ్రంథమున స్థిరపరచెను. దియోస్ అనగా గ్రీకుల దేవరాజైన జ్యూసుయొక్క, పురోస్ అనగా గోధుమ. "దేవరాజు గోధుమ" అని యర్థము. లాటినులో పిరుస్ అనగా బేరిపండు గనుక దీనిని దివ్యమైన బేరిపండు అని కొన్ని పుస్తకములలో వ్రాయుదురు. అది పొరపాటు, మాట గ్రీకు గాని లాటిను గాదు. పండునకు గోధుమపేరేల? పూర్వము గ్రీకులు ఆ పేరు పెట్టినది చిన్న చిన్న కాయలు కాయు వేరొక చెట్టునకు. లిన్నేయసు దానిని తీసి ఈ జాతికి తగిలించెను. జపానువారి కాకిపండును, అమెరికావారి పెర్సిమ్మన్ పండును ఈ జాతివే. ఈ లెక్కను పచ్చగా పండిన మన తునికిపండు వానికి చిన్నచెల్లెలు. గుజ్జు తక్కువ, గింజలు మెండు. అయినను రుచిలో దేవరాజుపేరునకు తగినదని పెగడపల్లి పిల్లలందరును సాక్ష్యమిత్తురు.

మన పేరు సంగతి యేమి? తుమికి యనియు తునికి యనియు నిఘంటువులయందు గలదు. కన్నడమున తుమరి, తమిళమున తుంబి, గోండులభాషలో తుమ్రి యని యందురు. ఇవి యొక తల్లి బిడ్డలని వేరుగ చెప్పనక్కర లేదు. సంస్కృతమున తిందుకము. హిందీవారి "తెందూ" అందునుండియే వచ్చినది. ఇంగ్లీషు పత్రికలలో తెందూ ఆకు అని చదివినయెడల అదియు తునికాకే యని యెరుగవలెను.

ఇట్లు పేర్లన్నియు కూర్చి తరగతిలో చెప్పిన పిదప, ఆ బాలుడు మరల లేచి, "అయ్యా, పేరులో రెండుమారులు నలుపు వచ్చినది గదా! మేము కొట్టిన తునికికొమ్మ లెన్నడును లోపల నల్లగా లేవేమి?" అని యడిగెను. ఇది మొదటి ప్రశ్నకన్న మంచి ప్రశ్న. ఈసారి తొందరపడక, తెలిసికొని చెప్పెద నంటిని.

ఒక యాదివారము వారి యింటికి పోతిని. తల్లి రాత్రి నానబెట్టి తడిగుడ్డలో చుట్టి యుంచిన ఆకును తీసి, రేకుముక్కను కొలతగా పెట్టి కత్తెరతో కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, కొన మడిచి, దారము కట్టుచుండెను. ఆ వేగమును చూచినవారికి అది యెంత కష్టమైన పనియో తోచదు గాని, ఆమె మెడయు వ్రేళ్లును సాయంకాలమునకు చెప్పును. తంబాకు దుమ్ము రొమ్మునకు చేటు. త్రాగువారికి బీడీ చేయు హాని వేరే చెప్పవలెనా? నేను ఆకుపేర్లన్నియు చెప్పగా ఆమె నవ్వి, "గిన్ని పేర్లా సారూ! మేమైతే తునికాకే అంటం" అనెను.

ఈ ఆకునే యేల ఎన్నుకొనిరి? వెడల్పుగా, తోలువలె మెత్తగా నుండును. ఎండినను నానబెట్టినయెడల చిట్లక మడతపడును. నిదానముగా కాలును. అన్నిటికంటె ముఖ్యముగా, అడవులలో విస్తారముగా దొరకును. శీతాకాలము వెళ్లిన పిదప పొదలను నేలమట్టముగా కొట్టుదురు. ఆ మోళ్లనుండియు వేళ్లనుండియు లేత చిగుళ్లు పుట్టి, వేసవికి వెడల్పైన మెత్తని ఆకులగును. ఏప్రిలు, మే మాసములలో తెల్లవారకముందే యడవికి పోయి ఆకు తెంపి, 50 ఆకులకొక కట్టగా కట్టి, కల్లములో ఎండబెట్టుదురు. వేయికట్టలు ఒక సంచి. కొమ్మ కొట్టనియెడల ఆకు ముదిరి గరుకై బీడీకి పనికిరాదు.

ఇందులోనే బాలుని ప్రశ్నకు ఉత్తరము గలదు. తునికిమ్రాను మొదట లోపల బయట ఒకే వన్నెగా, లేత గులాబివన్నె కలిసిన గోధుమరంగుతో నుండును. నల్లని చేవ నడిమిభాగమున మాత్రమే, అదియు చాల యేండ్లు పెరిగి లావైన పిదప, మెల్లమెల్లగా నేర్పడును. ఏటేట కొట్టబడు పొదకు ఆ వయస్సెక్కడిది? ఆకు కావలసినవారు చెట్టును నిత్యబాల్యమున నుంచుదురు, నల్లకొయ్య కావలసినవారు దానిని ముసలిదానినిగా పెరుగనీయవలెను. ఒక పొదనుండి రెండును రావు. దుంగలుకొన్న వర్తకులు లోపలి నలుపును చూచి పేరు పెట్టిరి. మనవారు దానిని కోయక ముందే ఆకును కోసికొనుచున్నారు గనుక, శాస్త్రనామములోని నలుపు మన పిల్లల కంటబడదు. మన ప్రాంతమున నీ యాకుమీద బ్రతుకుచున్న ఇండ్లు ఎన్నియో యున్నవి. వారిని చెట్లు పెరుగనీయుడని చెప్పుట సులభము, కాని ఆ వేసవి రోజుల కూలికి బదులుగా నేమి చూపగలము? నాకు ఉత్తరము తోచలేదు గనుక ఆ మాట ఆ యింట నేను ఎత్తలేదు.

కొన్ని వారముల పిదప బాలుడు ఒక దుంగముక్కను సంచిలో పెట్టుకొని తరగతికి వచ్చెను. వారి యూరిలోని వడ్రంగి, పాతయింటి దూలమును కోయగా మిగిలిన తుంటయట. అడ్డముగా కోసిన ముఖమును తడిగుడ్డతో తుడిచి చూచితిమి. చుట్టును లేతవన్నె, నడుమ రూపాయిబిళ్ల యంత వంకరటింకర మచ్చ, కాటుకవలె నల్లనిది. తరగతివా రందరును చేతులు మార్చుకొని చూచిరి. గోరుతో గీచినను గీత పడలేదు. పిమ్మట బాలుడు తన పాత పుస్తకమును తెచ్చి నాకు చూపెను. నేను నాడు చెప్పిన మూడు వాక్యములలో మొదటిదానిని, మూడవదానిని కొట్టివేసి యుండెను. రెండవదానిని మాత్రముంచి, దాని ప్రక్కను "ముసలి చెట్టున, నడుమ మాత్రమే" అని సన్నని యక్షరములతో చేర్చి యుండెను.